ఫైబర్ పని చేసే మావారికి చెవులు మందగిస్తున్నాయి, రెజిన్ వాసన వల్లేనా?

సుజాత_ఎం
మావారు ఫైబర్ ట్యాంకులు, పడవ బాడీలు చేసే షెడ్‌లో ఆరేళ్లుగా ఉన్నారు. మోల్డ్ (అచ్చు) మీద గాజు నారతో చేసిన మ్యాట్ పరిచి, జిగురులా ఉండి తర్వాత గట్టిపడే రెజిన్ పూసి, రోలర్‌తో బుడగలు తీసే పని. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ వాసన తెలిసిపోతుంది. అదో రకం తీపి వాసన, ముక్కు లోపల అంటుకున్నట్టుంటుంది. స్నానం చేసొచ్చినా తలగడకు అదే వాసన. దానికి నేను అలవాటు పడిపోయాను.
ఇప్పుడు నా భయం వేరే. ఏడాదిగా టీవీ సౌండ్ పెంచుకుంటూ పోతున్నారు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే బాగానే వింటారు, నలుగురు చేరితే మాత్రం "ఏంటీ, ఏంటీ" అని అడుగుతూనే ఉంటారు. పోయిన వారం స్విచ్ బోర్డు విప్పి నీలం వైరేదో, ఆకుపచ్చ వైరేదో తేల్చుకోలేక నన్ను పిలిచారు. మనిషి వయసు 38.
షెడ్‌లో గ్రైండర్ మోత వల్లే అంటారాయన. రెజిన్ డ్రమ్ము మీద స్టైరీన్ అని రాసి ఉందట. అది చెవుల మీద కూడా పనిచేస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతమోల్డర్
ఇరవై రెండేళ్లుగా ఇదే పని నాది. మొదటి నెల తల తిరుగుతుంది, కళ్లు మండుతాయి, తర్వాత ఒళ్లు అలవాటు పడుతుంది. నాకైతే ఇప్పుడు అసలు వాసనే రాదు. చెవులంటారా, అది గ్రైండర్ మోతేనమ్మా. చెవుల్లో దూది పెట్టుకోమనండి. ఊరికే టెన్షన్ పడకండి.

కిరణ్_ఫైబర్
మా సీనియర్లూ ఇదే మాట అంటారు. నాకు రెండేళ్లయింది. సాయంత్రానికి తాగినవాడిలా ఉంటుంది ఒళ్లు. బండి తోలేటప్పుడు బ్రేక్ వెయ్యడం ఒక క్షణం ఆలస్యమవుతోందని నాకే తెలుస్తోంది. సోమవారం పొద్దున మళ్లీ మామూలుగా ఉంటాను.

వినికిడి
వినికిడి పరీక్షలు చేయడమే నా వృత్తి. సుజాత గారూ, మీరు అడిగినదానికి సూటిగా జవాబు: అవును, స్టైరీన్ చెవుల మీద పనిచేస్తుంది. ఇది అనుమానం స్థాయి దాటిపోయింది. యూరప్‌లో స్టైరీన్ లేబుల్ మీద, ఎక్కువకాలం పీలిస్తే వినికిడి అవయవాలు దెబ్బతింటాయని పేరుపెట్టి రాయాలి. మీవారు పనిచేసే చోట ఆ డ్రమ్ముతో వచ్చే సేఫ్టీ డేటా షీట్ అడగండి. రెండో విభాగంలో ప్రమాదాల జాబితా ఉంటుంది, అందులో "వినికిడి" అన్న మాట కోసం వెతకండి.
పాతమోల్డర్ గారి దూది సంగతి కూడా చెప్పాలి. మోత చెవి రంధ్రంలోంచి వస్తుంది కాబట్టి అడ్డు పెడితే తగ్గుతుంది. స్టైరీన్ అలా రాదు. ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి లోపలి చెవిలోకి వెళ్తుంది. అక్కడ శబ్దాన్ని పట్టుకునే సన్నటి రోమ కణాలుంటాయి. మనిషి పుట్టినప్పుడు ఎన్ని ఉంటాయో అన్నే, చచ్చిపోతే మళ్లీ పుట్టవు. రెండు చెవులూ బిగించి మూసుకున్నా రక్తం ఆగదు కదా.
ఇంకో మాట. మోత, స్టైరీన్ రెండూ కలిస్తే నష్టం విడివిడిగా జరిగేదానికంటే ఎక్కువ. కాబట్టి "మోత వల్లా, మందు వల్లా" అని వాదించుకోవడం దండగ. మీవారి విషయంలో రెండూ ఉన్నాయి.

సుజాత_ఎం
చదువుతుంటే కాళ్లలో సత్తువ పోయింది. పోయిన వినికిడి తిరిగి రాదన్నమాట?

వినికిడి
పోయిన కణాలు రావు. కానీ ఇప్పుడు ఆపితే ఉన్నది ఉంటుంది. అందుకే ముందు ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎంత వినపడుతుందో చూపే పరీక్ష, తీయించండి. పరీక్షకు వెళ్లే ముందు 14 గంటల పాటు పెద్ద మోతకు దూరంగా ఉండాలి, లేదంటే తాత్కాలికంగా తగ్గినది కూడా అందులో కలిసిపోతుంది. సెలవు రోజు మర్నాడు పొద్దున, షెడ్‌కి వెళ్లకముందే చేయించడం మేలు. మాటల పరీక్ష కూడా అడగండి. మామూలు బీప్ పరీక్షలో పాసై, గోలలో మాట అర్థం కాని వాళ్లను చాలామందిని చూశాను. రంగుల సంగతి చెప్పారు కదా, కళ్ల డాక్టరుకు కూడా చూపించండి.

నాడి
వైద్యుణ్ణి, ఫ్యాక్టరీ కార్మికులను చూస్తుంటాను. రంగుల విషయం దాటేయకండి. ఫైబర్ పనివాళ్లలో నీలం-పసుపు తేడా పట్టడం తగ్గుతుందని చాలా దేశాల్లో తేలింది. మామూలుగా వాడే చుక్కల పుస్తకం ఎరుపు-ఆకుపచ్చ లోపాన్ని పట్టడానికి చేసింది, అందులో ఇది దొరకదు. రంగు బిళ్లలను వరుసలో పేర్చే పరీక్ష కావాలని అడగండి.
కిరణ్ చెప్పిన "తాగినట్టు ఉండటం" కూడా అచ్చంగా ఇదే. మెదడు మీద స్టైరీన్ మత్తుమందులా పనిచేస్తుంది. తలనొప్పి, నీరసం, చిరాకు, స్పందన మందగించడం, ఇవన్నీ కనిపిస్తాయి. తమ్ముడూ, పని అయిపోగానే బండి ఎక్కకు. కనీసం ఒక గంట బయట గాలిలో కూర్చో.

కిరణ్_ఫైబర్
అలాగే డాక్టరు గారూ. సోమవారానికి ఎందుకు తగ్గుతుంది మరి?

నాడి
రక్తంలోది చాలావరకు కొన్ని గంటల్లో పోతుంది. కొవ్వులో చేరింది మాత్రం రెండు మూడు రోజులకు సగం తగ్గుతుంది. అంటే వారం మొత్తం పనిచేస్తే కొవ్వులో పేరుకుంటూ పోతుంది, ఒక్క సెలవు రోజుకి పూర్తిగా ఖాళీ కాదు. నువ్వు పీల్చిన స్టైరీన్‌లో దాదాపు మూడింట రెండు వంతులు లోపలే ఉండిపోతుంది. పైగా కష్టమైన పనిలో ఊపిరి ఎక్కువ తీసుకుంటావు కాబట్టి, కుర్చీలో కూర్చున్న సూపర్‌వైజర్ కంటే రోలర్ తోసే నీ ఒంట్లోకి ఎక్కువ పోతుంది. ఇద్దరిదీ ఒకే షెడ్ కదా అనుకోకు.

పాతమోల్డర్
అందరూ కలిసి ఆ అమ్మాయిని భయపెడుతున్నారు. మా షెడ్‌లో వాసన లేదు, తలుపులు తీసే ఉంటాయి. నాకేం కాలేదు.

ల్యాబ్‌మేట్
పాతమోల్డర్ అన్నా, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను. "వాసన రావట్లేదు" అన్నదే నాకు ఎక్కువ భయం వేసే మాట. నేను పాలిస్టైరిన్ ప్లాంటులో కెమిస్టుని. స్టైరీన్ ఒక్క పీపీఎం (పది లక్షల పాళ్లలో ఒక పాలు) కన్నా తక్కువున్నా కొత్తవాళ్ల ముక్కు పట్టేస్తుంది. అంటే మొదట్లో మన ముక్కు గొప్ప అలారం. కానీ అరగంట ఉంటే ముక్కు మొద్దుబారుతుంది, రోజూ ఉంటే ఇంకా మొద్దుబారుతుంది. గాలిలో 5 ఉందా, 80 ఉందా చెప్పలేదు. మా ప్లాంటులో కొత్తగా చేరినవాళ్లు "ఇక్కడ లీకు ఉంది" అంటే మేము మీటరు పట్టుకుని వెళ్తాం. వాళ్ల ముక్కు మా ముక్కు కన్నా నిజం చెబుతుంది.
ఎంత ఉంటే ఫర్వాలేదు అన్నది కూడా కాలంతో మారుతూ వచ్చింది. ఎనిమిది గంటల సగటుకు అమెరికాలో చట్టపరమైన హద్దు ఇప్పటికీ 100 పీపీఎం. అదే అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ సూచించేది 50. జర్మనీలో 20. అమెరికా పారిశ్రామిక పరిశుభ్రత నిపుణుల సంఘం 2020లో తన సూచనను 20 నుంచి 10కి దించింది. 700 దగ్గర ప్రాణాలకే ముప్పు. చేత్తో రెజిన్ పూసే షెడ్లలో 50 దాటడం పెద్ద వింతేమీ కాదు.

చదువరి
ఒకే మందుకు ఒకచోట 100, ఇంకోచోట 10 ఏంటండీ? మనిషి ఊపిరితిత్తులు దేశానికో రకంగా ఉంటాయా?

ల్యాబ్‌మేట్
100 అన్నది చాలా పాత అంకె. కళ్లు మండకుండా, తల తిరగకుండా చూసుకుంటే చాలు అనుకున్న కాలం అది. చెవులు, రంగులు, నరాల సంగతి తర్వాత బయటపడింది. చట్టం మారాలంటే ఏళ్లు పడుతుంది, కాబట్టి ఆ అంకె అలాగే ఉండిపోయింది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఒళ్లు ఒప్పుకోదు.

యజమాని_నేనే
ఎనిమిది మందితో చిన్న షెడ్ నడుపుతున్నాను. ఇవన్నీ పెద్ద కంపెనీలకు చెప్పండి. మాస్కులు ఇస్తే వేసుకోరు, గాగుల్స్ ఇస్తే తీసి పక్కన పెడతారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాను. ఇంకేం చెయ్యాలి?

కిరణ్_ఫైబర్
మాస్కు అంటే ఏ మాస్కు సార్? మా దగ్గర ఇచ్చేది గుడ్డ మాస్కు. లోపల చెమటతో తడిసిపోతుంది, వాసన మాత్రం మామూలే.

రమణ_గ్రైండింగ్
గుడ్డదైనా, ఎన్95 అయినా దుమ్ము వరకే. స్టైరీన్ ఆవిరి, దానికి ఆ జల్లెడ ఒక లెక్క కాదు. గ్రైండింగ్ దగ్గర నాకు దుమ్ము మాస్కు కావాలి, మ్యాట్ మీద రెజిన్ పూసే లామినేషన్ దగ్గర మీకు బొగ్గు నింపిన కార్ట్‌రిడ్జ్ మాస్కు కావాలి, పెట్టె మీద ఆర్గానిక్ వేపర్ అని ఉండేది. మా దగ్గర ఒకతను కార్ట్‌రిడ్జ్ మాస్కు కొనుక్కుని, భోజనానికి వెళ్తూ రెజిన్ డ్రమ్ము మీదే పెట్టి వెళ్లేవాడు. బొగ్గు మన ముక్కు కోసం ఆగదు కదా, అక్కడ కూర్చుని కూడా పీలుస్తూనే ఉంటుంది. వారానికే పని అయిపోయేది, ఆయన మాత్రం నెలలపాటు అదే వేసుకున్నాడు. వాడనప్పుడు జిప్ కవర్లో పెట్టి గాలి తగలకుండా మూసేయాలి. గడ్డం ఉంటే అంచు పక్కనుంచి గాలి దూరుతుంది, అది కూడా చూసుకోవాలి.

ల్యాబ్‌మేట్
రమణ చెప్పింది నూటికి నూరుపాళ్లు. ఒక్కటి కలుపుతాను. మాస్కు లోపల వాసన తెలిసేదాకా ఆగి మార్చడం తప్పు, ముక్కు మొద్దుబారినవాడికి అది తెలియదు. ఇన్ని గంటలకు మార్చాలి అని ముందే లెక్క పెట్టుకోవాలి. కార్ట్‌రిడ్జ్ మీద మొదలుపెట్టిన తేదీ పెన్నుతో రాసుకుంటే చాలు.
యజమాని గారూ, మీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎక్కడ ఉంది?

యజమాని_నేనే
వెనక గోడకు, పైన. పెద్దదే.

ల్యాబ్‌మేట్
మనిషి ఎక్కడ నిలబడతాడు?

యజమాని_నేనే
గోడకీ మోల్డ్‌కీ మధ్య.

ల్యాబ్‌మేట్
అదే సమస్య. మోల్డ్ మీద లేచిన ఆవిరిని ఫ్యాన్ లాగుతోంది, దారిలో మీ పనివాడి ముఖం ఉంది. ఫ్యాన్ ఎంత పెద్దదైతే అతని ముక్కు ముందు నుంచి అంత ఎక్కువ పోతుంది. ఖర్చు లేకుండా ముందు మనిషిని అటు పక్కకు మార్చండి. తాజా గాలి వీపు వైపు నుంచి రావాలి, ఆవిరి అతనికి దూరంగా పోవాలి. గాలి ఎటు పోతోందో చూడటానికి ఒక పుల్లకు సన్నటి దారమో, పలుచటి కాగితం పీలికో కట్టి ముఖం ఎత్తున పట్టుకుని చూడండి.

చదువరి
ఒక ఊదుబత్తి వెలిగిస్తే పొగ ఇంకా బాగా కనిపిస్తుందిగా?

షిఫ్ట్_ఇంజనీర్
వద్దు! దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. స్టైరీన్ 31 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. ఎండాకాలంలో షెడ్ అంతకంటే వేడిగా ఉంటుంది. పక్కనే రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్, కడగడానికి వాడే అసిటోన్ కూడా ఉంటాయి. దారం చాలు.

చదువరి
సరే సరే, మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సుజాత_ఎం
మావారు చెప్పింది గుర్తొచ్చి రాస్తున్నాను. పెద్ద ట్యాంకులకు లోపలి పూత వేసేటప్పుడు మనిషే లోపలికి దిగి కూర్చుని పూస్తారట. ఆ రోజు ఇంటికొస్తే మాట కూడా తడబడుతుంది. నేను అలసట అనుకున్నాను.

నాడి
సుజాత గారూ, అది అలసట కాదు. ఆ పనికి ఇప్పుడున్న పద్ధతిలో ఆయన మళ్లీ దిగకూడదు. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు. ట్యాంకు లోపల అడుగున పేరుకుంటుంది, ఆయన కూర్చునేది కూడా అడుగునే. అక్కడ కార్ట్‌రిడ్జ్ మాస్కు కూడా సరిపోదు. బయటి నుంచి గొట్టంతో గాలి అందే మాస్కు ఉండాలి, అడుగు నుంచి ఆవిరి లాగే గొట్టం ఉండాలి, పైన ఒక మనిషి ఆయన్నే చూస్తూ నిలబడాలి. లోపల మనిషి పడిపోతే పైనవాడు ఊరికే దిగకూడదు, ఇద్దరూ పోతారు.

పాతమోల్డర్
ట్యాంకులోకి దిగడం మాత్రం నిజమే. నేనూ ఒకసారి పైకి ఎక్కలేక నిచ్చెన పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఇద్దరు వచ్చి లాగారు. ఎండ దెబ్బ అనుకున్నాం.

రమణ_గ్రైండింగ్
అన్నా, ట్యాంకు లోపల ఎండ ఎక్కడిది?

పాతమోల్డర్
అదే ఇప్పుడు ఆలోచిస్తున్నా.

మేడమీద
కొంచెం పక్క ప్రశ్న. థర్మోకోల్ కూడా స్టైరీనే అంటారు కదా. మరి ఇంట్లో టీవీ పెట్టెలోని థర్మోకోల్ కూడా ప్రమాదమేనా? పిల్లలు దాంతో ఆడుకుంటారు.

ల్యాబ్‌మేట్
థర్మోకోల్ పాలిస్టైరిన్. వేల స్టైరీన్ అణువులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసైపోయాక అది స్టైరీన్‌లా ప్రవర్తించదు, ఆవిరి కాదు. గొలుసులో చేరకుండా మిగిలిన కాస్త స్టైరీన్ లోపల ఉంటుంది, అది చాలా తక్కువ. పిల్లలు ఆడుకుంటే వచ్చే భయం గొంతులో ముక్క ఇరుక్కోవడమే. కానీ తగలబెట్టకండి. కాలిస్తే గొలుసు తెగి స్టైరీన్ బయటికొస్తుంది, నల్లటి మసితో పాటు. సిగరెట్ పొగలో కూడా స్టైరీన్ ఉంటుంది. ఏబీఎస్ అనే ప్లాస్టిక్ తీగతో నడిచే 3డీ ప్రింటరు పడకగదిలో పెట్టుకున్నవాళ్లు ఉంటే దాన్ని కిటికీ ఉన్న వేరే గదిలోకి మార్చండి, అది కరిగేటప్పుడు కూడా స్టైరీన్ వదులుతుంది.

మేడమీద
థాంక్స్. మంట పెట్టే అలవాటు మా పక్కింటాయనకు ఉంది, ఈ పోస్ట్ చూపిస్తాను.

చదువరి
క్యాన్సర్ సంగతి ఎవరూ ఎత్తడం లేదేంటి?

నాడి
ఎత్తుదాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ స్టైరీన్‌ను చాలాకాలం "కారకం కావచ్చు" అనే 2బి వరుసలో ఉంచింది. 2018లో మళ్లీ పరిశీలించి ఒక మెట్టు పైకి, "బహుశా కారకమే" అనే 2ఎ వరుసకు మార్చింది. శరీరం స్టైరీన్‌ను మొదట స్టైరీన్ ఆక్సైడ్‌గా మారుస్తుంది, అది డీఎన్ఏకు అంటుకుంటుంది. ఫైబర్ కార్మికుల మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లో రక్త క్యాన్సర్ల వైపు సూచనలు కనిపించాయి.

ల్యాబ్‌మేట్
రెండో పక్షం కూడా చెప్పాలి. జంతువుల్లో కనిపించిన ఊపిరితిత్తుల కణితులు ముఖ్యంగా చిట్టెలుకల్లో వచ్చాయి. వాటి ఊపిరితిత్తుల్లో స్టైరీన్‌ను మార్చే ఎంజైము మనకన్నా చాలా చురుకు. మనుషులకు అదే వర్తించదని పరిశ్రమవాళ్లు వాదిస్తారు, ఆ వాదనలో విషయం ఉంది.

నాడి
ఉంది. కానీ మనుషుల్లో కనిపించింది ఊపిరితిత్తుల కణితి కాదు, రక్తానికి సంబంధించినది. దానికి చిట్టెలుక ఊపిరితిత్తి జవాబు కాదు. ఈ వాదన తేలేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. చెవుల విషయంలో తేలిపోయింది, మత్తు విషయంలో తేలిపోయింది. వాటి కోసం ఆవిరి తగ్గిస్తే మిగతా దానికి కూడా అదే రక్షణ.

ల్యాబ్‌మేట్
ఆ మాటతో ఏకీభవిస్తాను.

షిఫ్ట్_ఇంజనీర్
నిలవ చేసే ట్యాంకుల వైపు నుంచి ఒక సంగతి. స్టైరీన్‌కు తనంతట తానే గొలుసు కట్టుకునే గుణం ఉంది. అలా కట్టుకుంటూ వేడి వదులుతుంది, ఆ వేడికి ఇంకా వేగంగా కట్టుకుంటుంది. అది ఆగడానికే టీబీసీ అనే నిరోధకం కలుపుతారు, మామూలుగా 10 నుంచి 15 పీపీఎం. అది రోజులు గడిచేకొద్దీ తరిగిపోతుంది, దానికి కాస్త ఆక్సిజన్ కూడా అందుతుండాలి, ట్యాంకు చల్లగా ఉండాలి. ఇందులో ఏది తప్పినా ట్యాంకు తనను తానే ఉడికించుకుంటుంది. 2005 ఆగస్టులో అమెరికాలోని సిన్సినాటిలో నెలల తరబడి పక్కన నిలిపి ఉంచిన ఒక రైలు ట్యాంకరు ఇలాగే వేడెక్కి ఆవిరి కక్కింది, చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో జరిగింది మనందరికీ తెలుసు. 12 మంది పోయారు. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగి ఉంది, ట్యాంకులో సరుకు మాత్రం ఆగి లేదు.
చిన్న షెడ్లలో కూడా పాత రెజిన్ డ్రమ్ములు ఎండలో పడేసి ఉంచకండి. డ్రమ్ము పక్కలు ఉబ్బినట్టు కనిపిస్తే, తాకితే వెచ్చగా ఉంటే మూత తీయడానికి వెళ్లొద్దు. దూరం జరిగి ఫైర్‌వాళ్లను పిలవండి.

కిరణ్_ఫైబర్
మా దగ్గర చేతులకు అంటిన రెజిన్ అసిటోన్‌తో కడుక్కుంటాం. గ్లౌజులు పలచటి రబ్బరువి ఇస్తారు.

రమణ_గ్రైండింగ్
నా చేతులు చూస్తే ఆ పని మానేస్తావు తమ్ముడూ. పదేళ్లు అలా కడిగి, వేళ్ల కణుపుల దగ్గర చర్మం నెర్రెలిచ్చింది. ఉప్పు తగిలినా చురుక్కుమంటుంది. అసిటోన్ చర్మంలోని నూనె లాగేస్తుంది, ఆ పగుళ్లలోంచి మందు ఇంకా తేలిగ్గా దూరుతుంది. రెజిన్ గట్టిపడకముందే గుడ్డతో తుడిచి, సబ్బు లాంటి చేతుల క్లీనరుతో కడుక్కో. పలచటి రబ్బరు గ్లౌజులోంచి స్టైరీన్ నిమిషాల్లో చర్మానికి చేరుతుంది. లోపల పొరలు పొరలుగా ఉండే లామినేట్ గ్లౌజులు దొరుకుతాయి, వాటి మీద గట్టి గ్లౌజు వేసుకుంటే చాలాసేపు ఆగుతుంది.

సుజాత_ఎం
ఆయన బట్టలు నేనే ఉతుకుతాను. మా మరదలికి ఐదో నెల, మా ఇంట్లోనే ఉంది. బట్టల వల్ల ఏమైనా ఉంటుందా?

నాడి
బట్టల మీద ఎండని రెజిన్ ఉంటే అది ఆవిరి వదులుతూనే ఉంటుంది. షెడ్‌లో పడేదానితో పోలిస్తే చాలా తక్కువ, కానీ కడుపుతో ఉన్న మనిషి ఉన్న ఇంట్లోకి ఎందుకు తేవడం? కడుపులో బిడ్డకు హాని చేయవచ్చని స్టైరీన్ మీద యూరప్‌లో హెచ్చరిక ఉంది. పని బట్టలు షెడ్‌లోనే మార్చుకుని, మూత బిగించిన సంచిలో తెచ్చి, విడిగా ఉతకండి. బయట ఆరేయండి. మీ మరదలిని భయపెట్టకండి, ఆ బట్టలు ముట్టకుండా ఉంటే చాలు.

ల్యాబ్‌మేట్
సుజాత గారూ, ఆయన ఒంట్లోకి ఎంత పోతోందో కొలవడానికి దారి ఉంది. స్టైరీన్ లోపల మారి మూత్రంలో మాండెలిక్ ఆమ్లం, ఫినైల్‌గ్లయాక్సిలిక్ ఆమ్లంగా బయటికి పోతుంది. పని ముగియగానే నమూనా ఇవ్వాలి. గ్రాము క్రియాటినిన్‌కు (మూత్రంలో ఎప్పుడూ ఉండే పదార్థం, దాంతో పోల్చి లెక్కిస్తారు) రెండూ కలిపి 400 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ పీలుస్తున్నట్టు. మర్నాడు పొద్దున ఇస్తే చాలావరకు పోయి ఉంటుంది, అంకె తక్కువ చూపిస్తుంది. వారం చివరి రోజు చేయించండి.
ఆ రోజు మద్యం ముట్టకూడదు. ఆల్కహాల్ ఉంటే కాలేయం ముందు దాని పని చూస్తుంది, స్టైరీన్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది, మూత్రంలో మాత్రం తక్కువ కనిపిస్తుంది. పరీక్ష బాగుంది అనుకుంటాం, లోపల పరిస్థితి ఇంకా చెడ్డగా ఉంటుంది.

యజమాని_నేనే
ల్యాబ్‌మేట్ గారూ, నిన్న దారం కట్టి చూశాను. మీరన్నట్టే, సరిగ్గా మనిషి ముఖం మీదుగా పోతోంది. మోల్డ్‌ను తిప్పి మనిషిని తలుపు వైపు నిలబెట్టాం. డ్రమ్ములకు మూతలు లేకుండా తెరిచే ఉంచేవాళ్లం, వాటికి మూతలు వేయించాను. ఆవిరి తక్కువ వదిలే రెజిన్ ఉంటుందంటున్నారు, పనిచేస్తుందా?

ల్యాబ్‌మేట్
పనిచేస్తుంది. కొన్నింటిలో స్టైరీన్ పాళ్లు తక్కువ, కొన్నింటిలో మైనం లాంటిది పైకి తేలి పొరకడుతుంది. కానీ రోలర్ ఆడుతున్నంతసేపూ ఆ పొర నిలవదు, ఆవిరి ఎక్కువ లేచేది కూడా అప్పుడే. ఒకే రకం సరుకు ఎక్కువగా చేస్తుంటే మూసిన మోల్డ్ పద్ధతికి మారండి. పొడి మ్యాట్ పరిచి, పైన సంచి బిగించి, వాక్యూమ్‌తో రెజిన్ లాగించడం. మనిషి రెజిన్ మీద వంగి కూర్చునే పనే ఉండదు.

కిరణ్_ఫైబర్
మీ షెడ్‌లో ఖాళీ ఉంటే చెప్పండి సార్ :)

సుజాత_ఎం
మూడు వారాల తర్వాత వచ్చాను. ఆడియోగ్రామ్‌లో రెండు చెవులూ తగ్గాయి, మోత వల్ల మాత్రమే అయితే ఇంత వెడల్పుగా పడదని డాక్టరు గారు అన్నారు. మాటల పరీక్షలో గోల పెట్టగానే సగం మాటలు తప్పు చెప్పారు. అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాను. మూత్రంలో అంకె 870. ఆ కాగితం, డేటా షీట్‌లో చెవుల గురించి రాసి ఉన్న పేజీ రెండూ పట్టుకుని ఆయనే వెళ్లి తమ షెడ్ యజమానితో మాట్లాడారు. ట్యాంకులో దిగే పని ఆపించారు. ఇప్పుడు ఫిట్టింగ్ సెక్షన్‌లో ఉన్నారు, రెజిన్‌కి దూరంగా. మిగతా ఐదుగురికి కూడా పరీక్ష చేయిస్తామన్నారు. తలనొప్పి పోయింది. టీవీ సౌండ్ మాత్రం అలాగే ఉంది.

వినికిడి
ఆరు నెలలకు మళ్లీ ఆడియోగ్రామ్ చేయించి ఇప్పటి కాగితంతో పోల్చండి, ఇది జాగ్రత్తగా దాచండి. వినికిడి యంత్రం అవసరమా లేదా అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి, వాయిదా వేయకండి.

పాతమోల్డర్
ఇన్నాళ్లూ రోజూ చదువుతున్నాను, రాయడానికే మనసు రాలేదు. ఆ రోజు దూది పెట్టుకోమన్నది నేనే, సుజాతమ్మా, ఆ మాట తప్పు. నాక్కూడా పరీక్ష రాయించుకున్నాను, గురువారం. మా ఆవిడ తోడొస్తోంది. డాక్టరు చెప్పేది నాకు సరిగ్గా వినపడదని తన భయం.